పాడుబడ్డ పెంకుటిల్లు కొంటున్నారా? ముందు శుభ్రం, తర్వాతే ఎస్టిమేట్

పాత ఇల్లు చూడ్డానికి ఎండ రోజున వెళ్ళకండి. వాన పడుతున్నప్పుడో, పడి వెలిసిన పూటో వెళ్ళండి. ఎండలో ఏ పెంకుటిల్లయినా బాగానే కనిపిస్తుంది. వానలో అయితే ఎక్కడ కారుతోందో, ఏ గోడ చెమ్మెక్కిందో, వీధి నీళ్ళు ఎటు పోతున్నాయో ఒకరు చెప్పక్కర్లేకుండానే తెలిసిపోతుంది.

నేను ఏఎన్‌ఎంగా, అంటే ఊళ్ళు తిరిగే ప్రభుత్వ నర్సుగా, చేసి రిటైరయ్యాను. విజయనగరం జిల్లాలో చీపురుపల్లి చుట్టుపక్కల ఊళ్ళన్నీ ఇంటింటికీ తిరిగిన ఉద్యోగం. ఏ వీధిలో ఏ ఇంటికి ఎప్పటి నుంచి తాళం ఉందో అడిగితే చెప్పగలను. అలా తాళం పడ్డ మండువా ఇల్లొకటి మేమే కొన్నాం. పిల్లలు వద్దన్నారు. మేస్త్రీ అయితే గుమ్మంలోనే నిలబడి, "పడగొట్టేద్దాం సిస్టరమ్మా, స్లాబేసుకుంటే సుఖం" అన్నాడు. ఏ మేస్త్రీ అయినా అదే అంటాడు. తుప్పలు, చెత్త, గబ్బిలాల పెంట తీస్తే కదా లోపల ఇల్లు ఎంత మిగిలిందో తెలిసేది! అందుకే ఎవరడిగినా నేను చెప్పే వరస ఒకటే: కాగితాలు, తర్వాత శుభ్రం, ఆ తర్వాతే ఎస్టిమేట్.

కాగితాల సంగతి ముందు. మా వైపు ఊళ్ళలో ఇళ్ళు చాలావరకు గ్రామకంఠంలో, అంటే ఊరి నివాస స్థలంలో, ఉంటాయి. పొలానికి ఉన్నట్టు అడంగల్, 1బీ అనే భూమి రికార్డులు వీటికి ఉండవు. పాత దస్తావేజు, ఇంటి పన్ను రసీదులు, కరెంటు బిల్లు, నాలుగు హద్దులు, వీటితోనే నెట్టుకు రావాలి. ఈసీ, అంటే ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల చిట్టా, మాత్రం తప్పకుండా తీయించండి. కంప్యూటర్లో 1983 నుంచి దొరుకుతుంది, అంతకు ముందుది కావాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పాత పుస్తకాలు వెతికించాలి. స్థలం 22ఏ నిషేధిత జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని ప్రభుత్వ, గుడి భూముల జాబితాలో, ఉందేమో కూడా అక్కడే కనుక్కోండి. గుడి భూమిలో కట్టిన ఇల్లు కూడా పైకి మామూలు ఇల్లులాగే ఉంటుంది మరి.

అసలు చిక్కు వారసుల దగ్గర. పన్ను పుస్తకంలో ఇంకా తాతగారి పేరే ఉంటుంది. కొడుకుల్లో ఒకరు ఖరగ్‌పూర్ రైల్వేలో, ఒకరు భిలాయిలో, కూతుళ్ళు విశాఖలో. బేరానికి కూర్చునేది ఊళ్ళో మిగిలిన ఒక్కరు. "ఆడపిల్లలేమీ అనుకోరమ్మా, కట్నాలిచ్చి పంపేశాం" అంటారు. చట్టం దగ్గర ఆ మాట చెల్లదు. ఇల్లు తాతగారి సొంతార్జితమై వీలునామా లేకపోతే, 1956 చట్టం నుంచే కూతురికి కొడుకుతో సమానంగా వాటా ఉంది. ఉమ్మడి ఆస్తి అయితే మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు 5 నుంచి పెళ్ళికాని కూతుళ్ళకు, 2005 సవరణతో కూతుళ్ళందరికీ హక్కు వచ్చింది. కాబట్టి ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తెప్పించి, అందులో ఎన్ని పేర్లుంటే అన్ని సంతకాలు పడేలా చూసుకోండి. రాలేనివాళ్ళు తమ బదులు సంతకం పెట్టే అధికారం ఇంకొకరికి జీపీఏ రాసి ఇవ్వొచ్చు. అడ్వాన్సు ఇచ్చే ముందు లాయరు చేత పేపర్లో ప్రకటన వేయిస్తే, ఎక్కడో ఉన్న మేనల్లుడు కూడా బయటికొస్తాడు. ఆ రావడమేదో రిజిస్ట్రేషన్‌కి ముందే రావడం మంచిది. స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి ఏడున్నర శాతం అవుతుంది, దాన్ని బేరంలో మర్చిపోకండి.

ఇంకొకటి, చూరు. పెంకుటింటి చూరు నీళ్ళు ఎవరి జాగాలో పడతాయో చూడండి. పాతకాలంలో అన్నదమ్ముల మధ్య మాట మీద నడిచిపోయిన సందు, మీరు కొనగానే తగువైపోతుంది. టేపుతో కొలిచేటప్పుడు రెండు పక్కల వాళ్ళనీ పిలిచి, వాళ్ళ ఎదుటే కొలవండి. లోపలి సామాను ఎవరిదో కూడా అగ్రిమెంటులో రాయించండి.

ఇల్లు చూసేటప్పుడు టార్చి, ఉలి, చిన్న సుత్తి, మేస్త్రీ గుండు పట్టుకెళ్ళండి. గుండు వదిలి గోడ నిలువు చూడాలి. గోడ పొట్ట వచ్చి ఉంటే, బీట పైకి పోయేకొద్దీ వెడల్పవుతూ వేలు దూరేంత ఉంటే, ఆ ఇంటికి స్థలం ధర మించి ఒక్క రూపాయి ఇవ్వకండి. దూలాన్ని మధ్యలో కొట్టి చూసి లాభం లేదు. గోడలోకి దిగిన కొస దగ్గర చూడాలి, పుచ్చడం అక్కడే మొదలవుతుంది. ఉలి మోపి నొక్కితే మెత్తగా దిగిపోతే ఆ దూలం పోయినట్టే. తాటి వాసాలకు చేవ ఉంటే నల్లగా, గట్టిగా, కొడితే కంగుమంటాయి. చెదల మట్టి గీతలు కనిపిస్తే గీకి చూడండి. కొత్త మట్టి తడిగా ఉంటే చెద ఇంకా లోపలే ఉంది.

అమ్మేవాళ్ళను నేను తప్పక అడగమనే ప్రశ్న ఒకటుంది: "హుద్‌హుద్‌కి పెంకు లేచిందా? లేస్తే మళ్ళీ ఎప్పుడు వేయించారు?" 2014 అక్టోబరు 12న వచ్చిన ఆ తుపానుకి మా జిల్లాలో ఎన్నో కప్పులు పోయాయి. శ్రీకాకుళం వైపు, ముఖ్యంగా పలాస, ఉద్దానం పక్కనైతే 2018 అక్టోబరు తిత్లీ గురించి అడగండి. పెంకు లేచాక టార్పాలిన్ కప్పి తాళం వేసుకుపోయిన ఇంట్లో కలప ఏళ్ళ తరబడి తడిసింది అని అర్థం. ఆ మేరకు బేరం తగ్గించాలి.

వీధి కూడా చూడండి. సిమెంటు రోడ్డు మీద సిమెంటు రోడ్డు వేసుకుంటూ పోయి చాలా ఊళ్ళలో వీధి అరుగుల ఎత్తుకు వచ్చేసింది. పునాది గట్టిదే అయినా, వీధి నీళ్ళు గోడ మొదట్లో నిలుస్తాయి. గోడకు చవుడు పట్టి, ఉప్పు పూసి, సున్నం రాలిపోతుంటే చాలామంది ఇల్లు ముసలిదైపోయిందనుకుంటారు. సగం సార్లు కావలసింది గోడ పక్కన ఒక కాలువ.

ఇక శుభ్రం. సంక్రాంతి వెళ్ళాక మొదలుపెడితే రోహిణి కార్తె నాటికి కప్పు పని కూడా అయిపోవాలి. దసరా తర్వాత పెట్టుకుంటే కుదరదు. విజయదశమి తర్వాతి మంగళవారం విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను జాతర, ఆ వారం ఎవరూ పనికి రారు. ఆ వెంటనే తుపాన్ల భయం, దాని వెనకే కోతలు.

చెయ్యి వేసే ముందు లైన్‌మన్‌ని పిలిచి సర్వీసు వైరు తీయించండి. మీటరు తిరగడం లేదు కదా అని పాత వైరింగ్‌ని నమ్మొద్దు. తర్వాత తలుపులు, కిటికీలు తీసి రెండు మూడు రోజులు అలా వదిలేయండి. గాలీ వెలుతురూ తగిలితే లోపల ఉన్నవి వాటంతటవే దారి చూసుకుంటాయి. తుప్పలు వీధి వైపు నుంచి పెరటి వైపుకి కొట్టించాలి. రెండు వైపుల నుంచీ కొట్టుకొస్తే పాము మధ్యలో చిక్కి మనిషి మీదికే వస్తుంది. నిప్పు పెట్టడం అసలు వద్దు, కప్పులో ఎండు కలప ఉంది. వయ్యారిభామ పీకేవాళ్ళకు తొడుగులు ఇవ్వండి, లేకపోతే చేతులు దద్దుర్లెక్కిపోతాయి.

పాము గురించి కొంచెం ఎక్కువే చెప్తాను, ఉద్యోగ అలవాటు. పెంకుల కుప్పలో, కట్టెల కింద, రోలు వెనక చెయ్యి పెట్టే ముందు కర్రతో కదపాలి. పనివాళ్ళకు బూట్లు ఇవ్వండి, చెప్పులతో పని చేయనివ్వకండి. కట్లపాము కరిస్తే నొప్పి, వాపు పెద్దగా ఉండవు, గాటు కూడా సరిగా కనిపించదు. "ఏదో కుట్టినట్టుంది" అని కూర్చుంటే రెప్పలు వాలిపోయే దాకా తెలీదు. కట్టు బిగించడం, కోసి రక్తం పిండడం, మంత్రం వేయించడం, ఇవేవీ వద్దు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేయండి. పాము మందు దగ్గర్లో ఏ ఆసుపత్రిలో ఉందో పని మొదలుపెట్టక ముందే కనుక్కుని పెట్టుకోండి.

లోపల పని పై నుంచి కిందికి రావాలి: అటక, గోడలు, ఆఖరికి నేల. గబ్బిలాల పెంట, ఎలుకల పెంట పొడిగా ఊడవకూడదు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతే జబ్బు చేస్తుంది. నీళ్ళు చిలకరించి తడిపి, పారతో ఎత్తి సంచిలో కట్టాలి. గుడ్డ ముక్క చాలదు, ఎన్95 మాస్కు పెట్టుకోవాలి. చేతికి రబ్బరు తొడుగులు ఉండాలి, కాలి పుండ్లున్నవాళ్ళను ఆ పనికి దించొద్దు, ఎలుకల మూత్రం వల్ల లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు వస్తుంది. ఎత్తేశాక లీటరు నీటికి 30 గ్రాముల బ్లీచింగ్ పౌడరు కలిపి కడిగించండి. అదే పూట బాత్‌రూములో యాసిడ్ పోయకండి. బ్లీచింగూ యాసిడూ కలిస్తే వచ్చే గ్యాసుకి మనిషి పడిపోతాడు.

అటక మీద పేరు చెరిగిపోయిన డబ్బాలు, సీసాలు ఉంటాయి. పాత రోజుల్లో ధాన్యానికి, చెదలకు గమాక్సిన్ అనే పురుగుమందు చల్లేవారు. తెల్ల పొడి కనిపిస్తే మూత తీసి వాసన చూడొద్దు, నూతిలో వేయొద్దు, పిల్లలకు అందనివ్వొద్దు. మూత బిగించి, సంచిలో చుట్టి, పక్కన పెట్టి, వ్యవసాయ ఆఫీసులో అడగండి. భోషాణాల్లో, పటాల వెనక దొరికే కాగితం ముక్క ఏదీ చింపకండి. పన్ను రసీదులు, పాత దస్తావేజులు మీ హద్దులకు సాక్ష్యం. తాటాకు కట్టలు దొరికితే తడిబట్టతో తుడవకుండా మెత్తటి కుంచెతో దులపండి. ఫోటోలు, దేవుడి పటాలు మాత్రం ఆ ఇంటివాళ్ళకు పంపించేయండి. ఖరగ్‌పూర్ దాకా పార్సిల్ ఖర్చు ఎంతవుతుంది?

పెంకు దింపించేటప్పుడు నడికొప్పు నుంచి, అంటే కప్పు వాలులు కలిసే పై అంచు నుంచి, రెండు వాలుల మీదా సమానంగా దింపాలి. ఒక పక్కంతా ఖాళీ చేసేస్తే బరువు రెండో పక్కకు పోయి పాత వాసాలు తన్నుకుంటాయి. మంచి పెంకులు నిలువుగా పేర్చి పెట్టండి. మాకు గూన పెంకులు సగానికి పైగా పనికొచ్చాయి, తక్కినవి పక్క ఊళ్ళో పడగొడుతున్న ఇంటి నుంచి కొన్నాం. పగిలిన వాటిని పారబోయొద్దు, నేలకు దిమ్మిస వేయించడానికి కావాలి. కోతుల సంగతి మాత్రం నేను చెప్పలేను. వాటికి మందు కనిపెట్టినవాళ్ళు చెబితే మా ఊరంతా రుణపడి ఉంటుంది.

గోడలో మొలిచిన రావి, జువ్వి మొక్కల్ని పైపైన కోసేసి వదలకండి. రాయి తీసైనా వేరు బయటికి లాగాలి, లేకపోతే వచ్చే వానకి రెట్టింపై వస్తుంది.

నూతిలోకి మాత్రం మనిషిని దించకండి. ఏళ్ళ తరబడి మూతపడ్డ నూతిలో గాలి ఉండదు, విషవాయువు ఉండొచ్చు. ఒకడు దిగి సొమ్మసిల్లితే, తీయడానికి దిగిన రెండోవాడూ పోతాడు. లాంతరు దించి చూడడం పాత పద్ధతి. ఆరిపోతే దిగకూడదని తెలుస్తుంది, ఆరకపోయినంత మాత్రాన దిగొచ్చని కాదు. మోటారు పెట్టి నీళ్ళు తోడించి, పూడిక పైనుంచే తీసే సరంజామా ఉన్నవాళ్ళను పిలవండి. ఊట నీళ్ళు తేరుకున్నాక బ్లీచింగ్ వేయాలి. వెయ్యి లీటర్లకు 2.5 గ్రాములు లెక్క. రెండు మీటర్ల అడ్డం, మూడు మీటర్ల నీళ్ళు ఉన్న నూతిలో సుమారు 9,400 లీటర్లుంటాయి, 24 గ్రాములు చాలు. బకెట్టులో కలిపి, సున్నం అడుగుకి దిగాక పై తేట మాత్రం నూతిలో వంచి, బకెట్టుతో బాగా కలియబెట్టి, గంట ఆగి తోడుకోండి. తాగడానికైతే పరీక్ష చేయించాకే.

శుభ్రం అయ్యాక గోడలకు సిమెంటు పూయడానికి మేస్త్రీ తొందరపడతాడు. ఆపండి. మట్టితోనో సున్నంతోనో కట్టిన గోడ లోపలి చెమ్మను పైకి వదులుతుంది. దాని మీద సిమెంటు పూస్తే చెమ్మ బయటికి రాలేక ఇంకా పైకి ఎక్కుతుంది, రెండేళ్ళలో పూతంతా పెచ్చులుగా ఊడుతుంది. కప్పు బాగు చేయించి, కాలువ తీయించి, గోడల్ని ఒక వానాకాలం అలా వదిలేయండి. చెమ్మ ఎంత ఎత్తులో ఆగిందో బొగ్గుతో గీత పెట్టుకోండి. తర్వాత సున్నం, ఇసుకతో పూత వేయించండి. సున్నం పని వచ్చిన ముసలి మేస్త్రీలు ఇంకా ఉన్నారు, వెతికితే దొరుకుతారు, కూలి ఎక్కువే అడుగుతారు, ఇవ్వండి.

ఇల్లు శుభ్రమయ్యాక ఎస్టిమేటుకి మేస్త్రీని మళ్ళీ పిలవొచ్చు. మొత్తం ఇంత అని ఒక్క అంకె చెబితే ఒప్పుకోకండి. కప్పు, గోడలు, నేల, కరెంటు విడివిడిగా రాయించుకోండి, కలప మీరిస్తున్నారా ఆయన తెస్తాడా అన్నది కూడా. మరుగుదొడ్డి మాత్రం అన్నిటికంటే ముందు కట్టించండి, నూతికి దూరంగా, పల్లం వైపు. పనికొచ్చే ఆడవాళ్ళకు రోజంతా అది లేకుండా ఎలా గడుస్తుంది?