ఇంట్లో వర్క్‌షాప్ – 5వ పాఠం: కంప్రెసర్ కొనే ముందు గాలి లెక్క

పోయిన పాఠంలో వర్క్‌షాప్‌కి విడిగా కరెంటు లైను లాగించుకున్నాం. ఈసారి ఆ లైను మీద నడిచే వాటిలో అన్నిటికంటే పెద్దది, ఎయిర్ కంప్రెసర్. చెన్నైలో మనవాళ్లు ఎక్కువమంది దీనికి ప్యారీస్ కార్నర్ వైపు, లింగిచెట్టి వీధికే వెళ్తారు. షాపులో అడుగు పెట్టగానే వినబడే ప్రశ్నలు రెండు: ఎన్ని హెచ్‌పీ? ఎన్ని లీటర్లు? వాటికి జవాబు ఇవ్వకముందే మీ దగ్గర ఇంకో అంకె సిద్ధంగా ఉండాలి. మీ పనిముట్లు నిమిషానికి ఎంత గాలి తాగుతాయన్నదే ఆ అంకె. దాన్ని సీఎఫ్ఎంలలో చెబుతారు. ఒక సీఎఫ్ఎం అంటే నిమిషానికి సుమారు 28 లీటర్ల గాలి.

బండి టైర్లలో గాలి నింపడానికి, అప్పుడప్పుడు దుమ్ము ఊదడానికి, సన్న మేకులు కొట్టే నెయిలర్‌కి చాలా తక్కువ గాలి సరిపోతుంది. ఏ చిన్న కంప్రెసరైనా ఈ పనులు చేసిపెడుతుంది. చిక్కంతా రంగు చల్లే స్ప్రే గన్‌తోనూ, చెక్కని నున్నగా రుద్దే శాండర్‌తోనూ వస్తుంది. మామూలు హెచ్‌వీఎల్‌పీ గన్ (ఎక్కువ గాలి, తక్కువ ప్రెషర్‌తో చల్లేది) 8 నుంచి 12 సీఎఫ్ఎం వరకు తాగుతుంది. గాలితో తిరిగే ఆర్బిటల్ శాండర్ కూడా అంతే. తక్కువ గాలి, తక్కువ ప్రెషర్‌తో చల్లే ఎల్‌వీఎల్‌పీ రకం గన్ అయితే 4, 5 సీఎఫ్ఎంతో సరిపెట్టుకుంటుంది. అలమారలకూ తలుపులకూ పాలిష్ కొట్టే పని మాత్రమే ఉన్నవాళ్లు పెద్ద కంప్రెసర్ వెతకడం మాని గన్‌నే మార్చుకోవడం మేలని నా గట్టి అభిప్రాయం. శాండర్‌కైతే కరెంటుదే కొనండి. గాలి శాండర్‌ని మేపడం ఇంటి కంప్రెసర్ వల్ల అయ్యే పని కాదు.

ఇప్పుడు డబ్బా మీద రాసిన సీఎఫ్ఎం సంగతి. చాలా చిన్న మిషన్ల మీద అచ్చయ్యేది డిస్‌ప్లేస్‌మెంట్, అంటే సిలిండర్ కొలతని పిస్టన్ వేగంతో హెచ్చించిన కాగితం లెక్క. నిజంగా బయటికి వచ్చే గాలిని ఎఫ్ఏడీ (ఫ్రీ ఎయిర్ డెలివరీ) అంటారు. అది సాధారణంగా ఆ లెక్కలో మూడింట రెండు వంతులు, ఒక్కోసారి ఇంకా తక్కువ. అందుకే ఎఫ్ఏడీ ఎంతో, ఏ ప్రెషర్ దగ్గర కొలిచారో అడగండి.

చెప్పలేకపోతే షాపులోనే మీరు కొలవచ్చు. 50 లీటర్ల ట్యాంకు అనుకుందాం. అవుట్‌లెట్ మూసి మిషన్ ఆన్ చేయించండి. బార్ అంటే ప్రెషర్ కొలత, ఒక బార్ సుమారుగా బయటి గాలి ఒత్తిడంత. గేజి ముల్లు 4 బార్ మీదికి రాగానే ఫోన్లో స్టాప్‌వాచ్ నొక్కండి, 6 బార్ తాకగానే ఆపండి. ప్రెషర్ పెరిగింది 2 బార్లు, ట్యాంకు 50 లీటర్లు, కాబట్టి లోపలికి చేరిన గాలి 100 లీటర్లు. దానికి ఒక నిమిషం పట్టిందంటే మిషన్ ఇస్తున్నది నిమిషానికి 100 లీటర్లు, అంటే మూడున్నర సీఎఫ్ఎం. డబ్బా మీద 8 అని ఉంటే మాత్రం 27 సెకన్లలో అయిపోవాలి.

ట్యాంకు పెద్దదైతే ఈ కొరత తీరదు. మేడ మీద నీళ్ల ట్యాంకు ఎంత పెద్దదైనా బోరు ఇచ్చేదే కదా మనకు దక్కేది, ఇదీ అంతే. 4 సీఎఫ్ఎం ఇచ్చే మిషన్‌కి 8 తాగే గన్ తగిలించారనుకోండి. 50 లీటర్ల ట్యాంకు 8 బార్ దగ్గర నిండుగా ఉంది. 6 బార్‌కి దిగేదాకా మోటారు ఆగే ఉంటుంది, అది అర నిమిషం కూడా కాదు. ఆ తర్వాత మోటారు తిరుగుతున్నా వచ్చేదానికంటే పోయేదే ఎక్కువ. మొత్తం మీద రెండు నిమిషాల లోపే 3 బార్‌కి జారిపోతుంది. అక్కడి నుంచి రంగు సన్నగా చెదరకుండా చుక్కలు చుక్కలుగా పడుతుంది. తలుపు సగంలో ఉండగా ఇలా జరిగితే ఆ తడి అంచు మళ్లీ కలవదు.

చెన్నైలో దీనికి తోడు ఇంకో బెడద నీళ్లు. 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న రోజున ఘనమీటరు గాలిలో సుమారు 24 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. అదే 50 లీటర్ల ట్యాంకుని ఒక్కసారి 8 బార్‌కి నింపి చల్లారనిస్తే, దాదాపు 9 గ్రాముల నీళ్లు అడుక్కి చేరతాయి. రెండు టీస్పూన్లకి కాస్త తక్కువ. పని చేసిన ప్రతి రోజూ సాయంత్రం అడుగునున్న డ్రెయిన్ వాల్వ్ తెరిచి ఆ నీళ్లు వదిలేయాలి. వదలకపోతే ట్యాంకు లోపలినుంచి తుప్పు తింటుంది, చుక్కలు గన్‌లోకి ఎగబాకి పాలిష్ మీద మచ్చలూ బొబ్బలూ పెడతాయి. కొనేటప్పుడే వంగి చూడండి, వాల్వ్ చేతికి సులువుగా అందుతోందా అని. అందని వాల్వ్‌ని ఎవరూ తెరవరు. బెంగళూరులో ఉన్న పాఠకులకి ఒక మాట: ఊరు 900 మీటర్ల ఎత్తున ఉంది, గాలి పది శాతం దాకా పలచన. మీ లెక్కలో ఆ మేరకు వదులు పెట్టుకోండి.

కరెంటు విషయానికొస్తే, 2 హెచ్‌పీ మోటారు తిరిగేటప్పుడు 9, 10 ఆంపియర్లు లాగుతుంది, స్టార్టయ్యే క్షణంలో దానికి కొన్ని రెట్లు. 16 ఆంపియర్ల పవర్ ప్లగ్గు తప్పనిసరి. సన్నటి ఎక్స్‌టెన్షన్ వైరుతో నడిపితే వోల్టేజి పడిపోయి మోటారు కాలుతుంది. దూరం పెరిగితే గాలి గొట్టం పొడవు పెంచండి, వైరుది పెంచకండి.

ఫ్లాట్‌లో ఉంటున్నవాళ్లకి నెమ్మదిగా తిరిగే ఆయిల్-ఫ్రీ సైలెంట్ రకం తప్ప వేరే దారి లేదు. పక్కింటివాళ్ల నిద్ర కూడా లెక్కలోదే. సొంత షెడ్డు ఉన్నవాళ్లు బెల్టుతో నడిచే ఆయిల్ రకం తీసుకోండి. వేగం తక్కువ, వేడి తక్కువ, మన్నిక ఎక్కువ. రంగు పనికైతే దానికి ఆయిల్ పట్టే ఫిల్టరు తప్పనిసరి.

సెకండ్ హ్యాండ్ చూస్తున్నారా? డ్రెయిన్ కింద తెల్ల గుడ్డ పట్టి తెరవండి. ఎర్రటి రజను పడితే అక్కడి నుంచి వచ్చేయండి, ధర ఎంత తగ్గించినా సరే. ట్యాంకు మీద వెల్డింగ్ అతుకు కనిపించినా, గ్యాస్ సిలిండర్‌ని ట్యాంకుగా మార్చినా అదే మాట. అది పగిలితే ప్రాణాలకే ముప్పు. సేఫ్టీ వాల్వ్ రింగు లాగితే గాలి చిమ్మాలి, వదిలితే మూసుకోవాలి. మోటారు ఆగగానే 'ఫుస్స్' అని చిన్న శబ్దం రావాలి. అది రాకపోతే లోపల ప్రెషర్ అలాగే నిలిచిపోయి, మళ్లీ స్టార్టు చేసినప్పుడు మోటారు మూలుగుతుంది.

వచ్చే పాఠం గొట్టాలు, రెగ్యులేటరు, ఫిల్టరు ఎక్కడ బిగించాలన్న దాని గురించి. అప్పటికి మీ దగ్గరున్న, ఈ ఏడాది కొనబోయే గాలి పనిముట్లన్నీ ఒక కాగితం మీద రాసి, ఒక్కోదాని పక్కన సీఎఫ్ఎం, బార్ వేసి ఉంచండి. అన్నిటికంటే ఎక్కువ తాగేదాని కింద గీత గీయండి. దానికి పావు వంతు కలిపితే వచ్చే ఎఫ్ఏడీయే మీరు షాపులో అడగాల్సిన అంకె.