పాత గోడలకు గొంతు ఇచ్చేటప్పుడు

శిథిలమైన కోటకు దృశ్య శ్రవణ ప్రదర్శన తయారు చేయమని ఎవరైనా అడిగితే, నేను ప్రొజెక్టర్ల మాట చివరికి వదిలేస్తాను. ముందు చీకటి పడ్డాక ఒక్కదాన్నే వెళ్లి అరగంట కూర్చుంటాను. గాలి ఎటు వీస్తోంది, దూరపు వాహనాల హోరు ఏ మూలకు చేరదు అన్నవి రాసుకుంటాను. లేచి ఒకసారి గట్టిగా చప్పట్లు కొడతాను. ఆ మోత రెండు సెకన్లు నిలిచే మంటపంలో వేగంగా చదివిన వ్యాఖ్యానం ముద్దయిపోతుంది. అలాంటి చోటికి చిన్న వాక్యాలు రాయండి, వాటి మధ్య మోత ఆరేంత విరామం ఉంచండి.

శబ్దంలోనే ఎక్కువ పని ఉంటుంది. నా మొదటి ప్రదర్శనకు ముందువైపు ఒకే పెద్ద స్పీకరు పెట్టాను. ముందు వరుసలో వాళ్లు చెవులు మూసుకున్నారు, వెనక వాళ్లకు ఒక్క మాట అర్థం కాలేదు. అప్పటి నుంచి చిన్న స్పీకర్లను దూరదూరంగా అమరుస్తున్నాను. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు వెళ్తుంది. కాబట్టి ముందు స్పీకరుకు 34 మీటర్ల వెనకున్న స్పీకరును 100 మిల్లీసెకన్లు ఆలస్యంగా పలికించాలి, దానికి మరో పది మిల్లీసెకన్లు కలపాలి. అప్పుడు వెనక కూర్చున్నవారికి కూడా గొంతు ఎదురుగా ఉన్న గోడ నుంచే వస్తున్నట్టు ఉంటుంది.

1952లో ఫ్రాన్స్‌లోని షాంబోర్ కోటలో మొదటి ధ్వని, కాంతి ప్రదర్శన జరిగింది. ఇప్పుడు లేజర్ స్కాన్‌తో గోడ నమూనా తీసి, రాయి రాయికీ సరిపోయేలా ప్రొజెక్టర్‌తో బొమ్మ వేయవచ్చు. అయినా నాకు ఇష్టమైన పద్ధతి చాలా చిన్నది. ఒక దీపాన్ని నేలకు దగ్గరగా, గోడకు దాదాపు ఆనించి పక్క నుంచి వెలిగిస్తాను. పగలు చదునుగా కనిపించిన రాతిపై ఒక్కో ఉలి గాటూ నీడతో పైకి లేస్తుంది. ఎదురుగా వెలుగు పోస్తే అవి మాయమవుతాయి. కథ కూడా అక్కడే మొదలుపెట్టండి. రాజుల వరుస చదవడం కన్నా, గడపరాయిపై బండి చక్రం ఒరిసిన గీతను చూపితే జనం వంగి చూస్తారు.

కూలిన పైకప్పును బొమ్మగా చూపేటప్పుడు, ఆధారం ఉన్న భాగానికే రంగు నింపండి. ఊహించిన భాగాన్ని గీతలతోనే వదలండి. చూసేవారికి ఆ తేడా తెలియాలి, ఇందులో నేను రాజీపడను.

వర్ణచిత్రాలున్న గోడ జోలికి బలమైన దీపంతో వెళ్లకండి. ఫ్రాన్స్‌లో ఆదిమానవుల వర్ణచిత్రాలున్న లాస్కో గుహలో సందర్శకుల ఊపిరి, విద్యుద్దీపాల వెలుగు వల్ల పాచి పట్టింది, 1963లో ఆ గుహను మూసేయాల్సి వచ్చింది. రాతికి మేకు కొట్టకండి. బరువైన పీఠాలపై స్టాండ్లు నిలబెట్టండి.

ప్రదర్శనకు ముందు ఆ చోటి చరిత్ర తెలియని ఇద్దరు ముగ్గురిని కూర్చోబెట్టి, వాళ్ల ముఖాలే గమనించండి. కళ్లు గోడను వదిలి ప్రొజెక్టర్ వైపు తిరిగిన ప్రతిచోటా నేను బొమ్మ తగ్గిస్తాను. చివరి దీపాన్ని నలభై సెకన్లలో మెల్లగా ఆర్పుతాను. అక్కడ సంగీతం పెట్టను, కీచురాళ్లు వినిపిస్తాయి.