పిల్లాడికి ఏడీహెచ్‌డీ ఉందేమో అనిపిస్తే

మా బాబుకు ఏడీహెచ్‌డీ, అంటే ధ్యాస నిలవకపోవడం, కుదురుగా ఉండలేకపోవడం అనే సమస్య ఉందని రెండో తరగతిలో తేలింది. తెలిసిన తల్లులు ఎవరడిగినా నేను ముందు చెప్పేది ఒకటే: ఆస్పత్రికి వెళ్లేముందు టీచర్‌ని కలవండి. ఇది రక్తపరీక్షలోనో స్కానింగ్‌లోనో బయటపడేది కాదు. లక్షణాలు 12 ఏళ్లలోపే మొదలయ్యాయా, కనీసం 6 నెలలుగా ఇంట్లోనూ బడిలోనూ కనిపిస్తున్నాయా అని డాక్టర్ చూస్తారు. అందుకే టీచర్ చేత ఒక కాగితం రాయించుకోండి. "అల్లరి ఎక్కువ" అంటే చాలదు. "మూడో లెక్క దగ్గరే లేచిపోతాడు, బోర్డు మీదిది సగమే రాసుకుంటాడు" అని వివరంగా ఉండాలి. చూపు, వినికిడి కూడా పరీక్ష చేయించండి. సరిగ్గా వినపడని పిల్లలు కూడా పరధ్యానంగానే కనిపిస్తారు.

చూపించాల్సింది పిల్లల సైకియాట్రిస్టుకు గానీ, ఎదుగుదల సమస్యలు చూసే పిల్లల డాక్టర్‌కు గానీ. ఖర్చు భారమైతే జిల్లా ప్రభుత్వాసుపత్రిలో డీఈఐసీ, అంటే పిల్లల ఎదుగుదల సమస్యలను తొందరగా గుర్తించి చూసే కేంద్రం, ఎక్కడుందో అడగండి. ఏమీ తోచకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడొచ్చు. పూర్తిగా నయం చేస్తామని ప్యాకేజీలు అమ్మేవాళ్ల గడప తొక్కకండి.

6 ఏళ్లు నిండని పిల్లలకు మందుల కంటే ముందు తల్లిదండ్రులకే శిక్షణ ఇస్తారు. పెద్ద పిల్లలకైనా అది కావాల్సిందే. మా ఇంట్లో బాగా పనిచేసింది ఇదే. "స్నానం చెయ్, యూనిఫాం వేసుకో, బ్యాగ్ సర్దుకో" అని ఒక్కసారే చెబితే వాడు ఒక సాక్సు చేత్తో పట్టుకుని కిటికీ దగ్గర నిలబడిపోతాడు. ఇప్పుడు దగ్గరికెళ్లి, భుజం మీద చెయ్యేసి, "సాక్స్ వేసుకో నాన్నా" అంటాను. అంతే. వేసుకోగానే "చెప్పగానే వేసుకున్నావే!" అని అప్పటికప్పుడే మెచ్చుకుంటాను. సాయంత్రం వరకు ఆగితే ఆ మెచ్చుకోలు వాడికి అందదు. హోంవర్క్ కూడా పది నిమిషాలు చేయించి, కాసేపు తిరగనిచ్చి, మళ్లీ కూర్చోబెడతాను.

మందు పేరెత్తగానే "పసివాడికి పిచ్చి మందులా?" అని మా అత్తయ్య ఏడ్చారు. తర్వాతిసారి ఆవిడను కూడా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాం, అడగాల్సినవన్నీ ఆవిడే అడిగారు. మీరూ ఇంట్లో పెద్దవాళ్లను వెంట తీసుకెళ్లండి. ఏడీహెచ్‌డీకి ఇచ్చే మిథైల్‌ఫెనిడేట్ అనే మందు మొదలుపెడితే ఆకలి తగ్గొచ్చు, నిద్ర ఆలస్యం కావొచ్చు. మేం మాత్ర వేసేముందే కడుపునిండా టిఫిన్ పెడతాం, రాత్రి ఆకలేస్తే మళ్లీ పెడతాం. బరువు, ఎత్తు, బీపీ ప్రతి విజిట్‌లో చూడమని అడగండి. సెలవుల్లో మందు ఆపాలన్నా, డోసు మార్చాలన్నా డాక్టర్‌ని అడిగాకే.