ఆన్‌లైన్‌లో చీరలు, నగలు అమ్మేవాళ్ళకి తక్కువ బడ్జెట్‌లో కెమెరా ఎలా ఎంచుకోవాలి

ఇంట్లోంచి చీరలో, వన్ గ్రామ్ గోల్డ్ నగలో, పచ్చళ్ళో అమ్మేవాళ్ళు ఈ మధ్య తెగ అడుగుతున్నారు, ఫోన్‌లో ఫోటోలు బాగా రావట్లేదండి, పది పదిహేను వేలల్లో ఏదైనా కెమెరా చెప్పండి అని. చెప్తా గానీ ముందు మెగాపిక్సెల్స్ (ఫోటోలో ఎన్ని చుక్కలుంటాయన్న లెక్క, ఒక మెగాపిక్సెల్ అంటే పది లక్షల చుక్కలు) గోల పక్కన పెట్టేయండి.

లెక్క చూడండి. ఇన్‌స్టాగ్రామ్‌లో మీరు ఎంత పెద్ద ఫోటో పెట్టినా వెడల్పు 1080 పిక్సెల్స్‌కి కుదించేస్తుంది, నిలువు పోస్ట్ 1080 బై 1350 అనుకున్నా మొత్తం ఒకటిన్నర మెగాపిక్సెల్ కూడా లేదు. సొంత వెబ్‌సైట్లో కంప్యూటర్ స్క్రీన్ నిండా కనపడాలన్నా రెండు మెగాపిక్సెల్స్ చాలు. 2008లో వచ్చిన నికాన్ డి90లోనే 12 ఉన్నాయి. అందుకే ఐదారు వేలకి 48 మెగాపిక్సెల్, 4కె అని డబ్బా మీద రాసి అమ్మే కొత్త కెమెరాల జోలికి వెళ్ళకండి, చాలావాటిలో లోపల చిన్న సెన్సార్ (వెలుతురు పడి ఫోటో తయారయ్యే చిప్) పెట్టి ఆ పిక్సెల్స్ సాఫ్ట్‌వేర్‌తో సాగదీసి లెక్క చెప్తారు, దానికన్నా మీ చేతిలో ఫోనే నయం.

అసలు సంగతి సెన్సార్ సైజు. మామూలు చిన్న డిజిటల్ కెమెరాల్లో ఉండేది సుమారు 6 బై 4.6 మిల్లీమీటర్లు, మామూలు డీఎస్ఎల్ఆర్‌లో (లెన్స్ మార్చుకునే పెద్ద కెమెరాలో) ఉండేది సుమారు 22 బై 15, అంటే వైశాల్యంలో పది రెట్ల పైమాటే. వెలుతురు అంత ఎక్కువ పడుతుంది కాబట్టి గదిలో తీసినా ముదురు రంగు చీరల మీద ఆ గరుకు గరుకు చుక్కలు తక్కువ వస్తాయి. కొత్తది ఆ బడ్జెట్‌లో రాదు కాబట్టి సెకండ్ హ్యాండే దిక్కు.

నేనైతే రెండు చెప్తా. ఒకటి కెనాన్ 1300డి, 2016ది, వైఫై ఉంది, ఫోటో నేరుగా ఫోన్‌కి వచ్చేస్తుంది. రెండోది నికాన్ డి3200, 2012ది, వైఫై లేదు, టైప్ సి కార్డ్ రీడర్ ఒకటి కొనుక్కోవాలి. దాని తర్వాత వచ్చిన డి3300 ఇంకా షార్ప్‌గా ఉంటుంది కదా అంటారు, నిజమే, సెన్సార్ ముందుండే ఫిల్టర్ ఒకటి తీసేశారు అందులో, కానీ ఆ ఫిల్టర్ లేకపోతే సన్న నేత బట్టల మీద లేని చారలు, రంగుల అలలు కనపడే ఛాన్స్ ఎక్కువ, మంగళగిరి కాటన్ అమ్మేవాళ్ళకి ఇది తలనొప్పే. నగలకైతే ఇబ్బంది లేదు.

లెన్స్ దగ్గర మాత్రం అందరూ 50 ఎంఎం లెన్స్ (జూమ్ ఉండదు) కొనమని ఊదరగొడతారు, తొందరపడకండి. కెనాన్ 1300డికి అది పెట్టి మనిషిని తల నుంచి కుచ్చిళ్ళ దాకా తియ్యాలంటే కనీసం 13, 14 అడుగులు వెనక్కి జరగాలి, మన పది బై పది బెడ్‌రూమ్‌లో గోడ అడ్డం వస్తుంది. కెమెరాతో పాటు వచ్చే 18-55 కిట్ జూమ్ లెన్సే చాలు, కెనాన్ వాళ్ళ ఐఎస్ రకం (చెయ్యి వణికినా సర్దుకునేది) అయితే జూమ్ 55 దగ్గర పెట్టి దగ్గరికి వెళ్తే ఆరున్నర సెంటీమీటర్ల వస్తువు ఫ్రేమ్ నిండుతుంది, జుంకాలకి ఇంకేం కావాలి. నికాన్ తీసుకుని పాత 50 ఎంఎం డి రకం లెన్స్ చవగ్గా వస్తోందని కొంటే ఆటోఫోకస్ పనిచెయ్యదు, ఎందుకంటే డి3200 బాడీలో ఫోకస్ మోటార్ ఉండదు. కొనాలనుంటే 35 ఎంఎం 1.8 జి చూడండి, దానికి మోటార్ లెన్స్‌లోనే ఉంటుంది.

ఇప్పుడు షాపులో చూసుకోవాల్సినవి. లెన్స్ ఊడదీయించి వెనక నుంచి ఫోన్ టార్చ్ వేసి ముందు నుంచి చూడండి, సాలెగూడు పోగుల్లాగా సన్నగా ఏమైనా కనపడితే అది ఫంగస్, ఎంత తగ్గించినా వద్దు. వైజాగ్, కాకినాడ వైపు తేమకి ఇది మామూలు, కాబట్టి అక్కడివాళ్ళు కొన్నాక కూడా గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ వేసి దాచుకోవాలి. ముందు గాజు మీద చిన్న గీత ఉంటే భయపడక్కర్లేదు, ఫోటోలో తెలీదు, బేరానికి మాత్రం పనికొస్తుంది. తర్వాత లెన్స్ తగిలించి అపర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం) ఎఫ్16 పెట్టి, అంటే బాగా చిన్నది చేసి, తెల్ల గోడని తియ్యండి, నల్ల మచ్చలు వస్తే సెన్సార్ మీద దుమ్ము, ఒకటీ అరా అయితే సర్వీసింగ్ చేయించి ఇమ్మనండి. ఎన్ని ఫోటోలు తీసిందో నికాన్ అయితే ఒరిజినల్ ఫైల్‌లోనే రాసి ఉంటుంది, షట్టర్ కౌంట్ చూపించే సైట్లో ఆ ఫైల్ వేస్తే తెలిసిపోతుంది. 1300డి ఫైల్‌లో అది ఉండదు, ఫైల్ నంబర్ 2000 ఉంది చూడండి అంతే వాడాం అంటే నమ్మకండి, 9999 తర్వాత మళ్ళీ 0001 నుంచి మొదలవుతుంది. ఫ్లాష్ లేపి కొట్టి చూడండి, బ్యాటరీ ఉబ్బిందేమో, ఈజీగా బయటికి వస్తోందో లేదో చూడండి.

ఇంటికి తెచ్చాక సెట్టింగులు పెద్దగా ఏం లేవు, మెనూలో కలర్ స్పేస్ (ఫోటోలో రంగులు రాసే పద్ధతి) ఎస్ఆర్‌జీబీలో ఉందో లేదో చూసుకోండి, అడోబ్ ఆర్‌జీబీలో ఉంటే కొన్నిచోట్ల రంగులు వెలిసిపోయినట్టు కనపడతాయి. ఫోటోలో మెరూన్, చేతికొచ్చింది ఎరుపు అని చీర రిటర్న్ వస్తే ఎక్కువసార్లు తప్పు కెమెరాది కాదు, కిటికీ వెలుతురూ ట్యూబ్‌లైటూ రెండూ కలిసి పడటం. లైట్లన్నీ ఆపేసి కిటికీ పక్కన పెట్టి, అదే వెలుతురులో తెల్ల ఎ4 కాగితాన్ని ఫోటో తీసి దానితో కస్టమ్ వైట్ బ్యాలెన్స్ (ఈ వెలుతురులో ఇదే తెలుపు అని కెమెరాకి చెప్పే సెట్టింగ్) సెట్ చెయ్యండి, నికాన్‌లో ప్రీసెట్ మాన్యువల్ అని ఉంటుంది. తెల్ల బ్యాక్‌గ్రౌండ్ బూడిద రంగులో వస్తుంటే ఎక్స్‌పోజర్ (ఫోటో ఎంత వెలుగ్గా రావాలన్నది) ప్లస్ 1 పెట్టండి, నల్ల చీర వెలిసినట్టు వస్తుంటే మైనస్ వైపు. ఇమేజ్ సైజు కూడా ఎస్ (స్మాల్)లోనే ఉంచేసుకోండి, డి3200లో అదే 3008 బై 2000 వస్తుంది, అప్‌లోడ్ చకచకా అయిపోతుంది.