పరమాణువులోని ప్రోటాన్లు, న్యూట్రాన్లు, ఎలక్ట్రాన్లను లెక్కించడం ఎలా?

ఒక పరమాణువులో ఏ కణాలు ఎన్ని ఉన్నాయో చెప్పడానికి కూడికలు, తీసివేతలు వస్తే చాలు. కానీ లెక్క ఎక్కడ మొదలుపెడుతున్నామన్నది చాలా ముఖ్యం. ఎప్పుడైనా ప్రోటాన్లతోనే మొదలుపెట్టాలి. న్యూట్రాన్ల సంఖ్య మారితే అదే మూలకానికి మరొక ఐసోటోపు వస్తుంది, ఎలక్ట్రాన్ల సంఖ్య మారితే అదే మూలకపు అయాన్ వస్తుంది, కానీ ప్రోటాన్ ఒక్కటి పెరిగినా తగ్గినా మూలకమే వేరైపోతుంది.

ధనావేశం గల ప్రోటాన్లు, ఏ ఆవేశమూ లేని న్యూట్రాన్లు కేంద్రకంలో ఉంటాయి. ఋణావేశం గల ఎలక్ట్రాన్లు దాని వెలుపల ఉంటాయి. ప్రోటాన్ ద్రవ్యరాశి ఎలక్ట్రాన్ ద్రవ్యరాశికి సుమారు 1836 రెట్లు, న్యూట్రాన్ ద్రవ్యరాశి ప్రోటాన్ కంటే రవ్వంత ఎక్కువ. అందువల్ల పరమాణు ద్రవ్యరాశి దాదాపు అంతా కేంద్రకంలోనే ఉంటుంది, ద్రవ్యరాశి సంఖ్యలో, అంటే ప్రోటాన్లు, న్యూట్రాన్ల మొత్తంలో, ఎలక్ట్రాన్లను కలపకపోవడానికి కారణం కూడా ఇదే. పలుచని బంగారు రేకుపై పడిన ఆల్ఫా కణాల్లో (ఇవి ధనావేశం గల కణాలు) చాలావరకు నేరుగా దూసుకుపోగా, ఏ కొన్నో వెనక్కి మళ్లడాన్ని బట్టి కేంద్రకం ఉందని 1911లో భౌతిక శాస్త్రవేత్త రూథర్‌ఫర్డ్ ప్రతిపాదించాడు. న్యూట్రాన్‌ను చాడ్విక్ 1932లో గాని కనుగొనలేదు.

మూలకం సంకేతానికి ఎడమవైపు కింద పరమాణు సంఖ్యను, అంటే ప్రోటాన్ల సంఖ్యను, పైన ద్రవ్యరాశి సంఖ్యను రాస్తారు. సోడియం సంకేతం వద్ద కింద 11, పైన 23 ఉంటే ప్రోటాన్లు 11, ధన, ఋణావేశాలు సమానంగా ఉండే తటస్థ పరమాణువు కాబట్టి ఎలక్ట్రాన్లు కూడా 11, ఇరవై మూడులో నుంచి పదకొండు తీసేస్తే న్యూట్రాన్లు 12.

చాలామంది తడబడేది ఆవర్తన పట్టిక దగ్గర. అందులో రాగి కింద కనిపించే 63.55 ద్రవ్యరాశి సంఖ్య కాదు. ప్రకృతిలో దొరికే ఐసోటోపుల సగటు పరమాణు ద్రవ్యరాశి. దానిని 64గా సవరించి, 29 ప్రోటాన్లు తీసేసి, 35 న్యూట్రాన్లు అని రాస్తే సమాధానం చూడడానికి సరిగ్గానే ఉన్నట్టుంటుంది, కానీ సహజంగా దొరికే రాగిలో ద్రవ్యరాశి సంఖ్య 63 గల పరమాణువులు, 65 గలవి మాత్రమే ఉంటాయి కనుక న్యూట్రాన్లు 34 గాని 36 గాని ఉండాలి. ఏ ఐసోటోపో చెప్పకుండా న్యూట్రాన్ల సంఖ్య అడిగితే ఆ ప్రశ్నే అసంపూర్ణమని నా అభిప్రాయం.

అయాన్ల విషయంలో గుర్తును జాగ్రత్తగా చదవాలి. ధన గుర్తు ఎలక్ట్రాన్లు పోయాయని, ఋణ గుర్తు అదనంగా చేరాయని తెలుపుతుంది. సోడియం అయాన్‌పై ఒక ధన గుర్తు ఉంటే ఎలక్ట్రాన్లు 10. క్లోరిన్ పరమాణు సంఖ్య 17, కాబట్టి ఒక ఋణావేశం గల క్లోరైడ్ అయాన్‌లో ఎలక్ట్రాన్లు 18. రెండింటిలోనూ ప్రోటాన్ల సంఖ్యను ముట్టుకోకూడదు.

ఇక ఎలక్ట్రాన్లను కర్పరాల్లో అమర్చాలి. కాగితంపై వృత్తాలుగా గీస్తాం గాని అవి నిజంగా ఎలక్ట్రాన్లు తిరిగే దారులు కావు, శక్తి స్థాయిలకు గుర్తులు. కేంద్రకం నుంచి n-వ కర్పరంలో గరిష్ఠంగా 2n² ఎలక్ట్రాన్లు పడతాయి: మొదటిదానిలో 2, రెండవదానిలో 8, మూడవదానిలో 18. అయినా 19 ఎలక్ట్రాన్లు గల పొటాషియాన్ని 2, 8, 9 అని కాక 2, 8, 8, 1 అని రాయాలి. కర్పరాల్లో ఎస్, డి వంటి ఉపకర్పరాలు, అంటే చిన్న విభాగాలు, ఉంటాయి. మూడవ కర్పరంలోని డి ఉపకర్పరం కంటే నాలుగవ కర్పరంలోని ఎస్ ఉపకర్పరం శక్తి అక్కడ తక్కువగా ఉండడంతో చివరి ఎలక్ట్రాన్ అందులోకే చేరుతుంది. కాల్షియంలో కూడా ఇలాగే 2, 8, 8, 2 వస్తుంది. స్కాండియం నుంచి డి ఉపకర్పరం నిండడం మొదలవుతుంది కనుక అక్కడి నుంచి కర్పరాల లెక్క చాలదు, ఉపకర్పరాల వారీగా విన్యాసం రాయాలి.