బెజవాడ ఉక్కలో పరుగు: వాచీలోని గుండె రేటును నమ్మడం, వాడడం

ప్రకాశం బ్యారేజీ మీద జనవరి తెల్లవారుజామున కిలోమీటరుకు 7 నిమిషాల చొప్పున పరిగెత్తితే గుండె నిమిషానికి 140 సార్లు కొట్టుకునే మనిషికి, మే నెలలో అదే వేగానికి 155 దాటడం మామూలే. కాళ్లు చేసే పని మారలేదు. ఒంట్లో వేడిని బయటికి పంపే పని అదనంగా గుండె మీద పడింది, అంతే. అందుకే ఈ ఊళ్లో తేలిక పరుగుకు కొలబద్ద వేగం కాదు, గుండె రేటు. అయితే ముందు రెండు సంగతులు తేల్చుకోవాలి: వాచీ చూపేది నిజమేనా, అందులోని జోన్లు, అంటే తేలిక నుంచి గట్టి పరుగు దాకా గుండె రేటుకు పెట్టే హద్దులు, మీ ఒంటివేనా.

మణికట్టు వాచీ చర్మంలోకి ఆకుపచ్చ కాంతి పంపి, నెత్తురు పొంగినప్పుడల్లా వెనక్కొచ్చే కాంతిలో తేడాను లెక్కపెడుతుంది. పట్టీ వదులైతే చేతి ఊపుకు కూడా అదే తేడా వస్తుంది. అప్పుడు వాచీ గుండెను వదిలేసి అడుగులు లెక్కపెడుతుంది. దీన్ని పట్టుకోవడం తేలికే: మొదలెట్టిన రెండో నిమిషానికే 165, 170కి ఎగబాకి, గీత గీసినట్టు అక్కడే నిలబడుతుంది. మీరేమో పక్కవాళ్లతో హాయిగా కబుర్లాడుతుంటారు. నిమిషానికి అడుగుల లెక్క కూడా అదే అంకె అయితే ఇక అనుమానం అక్కర్లేదు. ఆగీ ఆగగానే మెడ పక్కన వేళ్లు పెట్టి 15 సెకన్లు లెక్కించి 4తో గుణించండి. ఆలస్యమైతే రేటు పడిపోతుంది. వాచీని మణికట్టు ఎముకకు రెండు వేళ్లు పైకి జరిపి, ఒక రంధ్రం బిగించి, చెమట తుడిస్తే చాలావరకు దారికొస్తుంది.

అప్పటికీ కుదరకపోతే ఛాతీకి కట్టే పట్టీ కొనండి. అది గుండె విద్యుత్ సంకేతాన్నే చదువుతుంది కాబట్టి చేతి ఊపుతో పని లేదు. కట్టుకునే ముందు లోపలి మెత్తలను నీళ్లతో తడపాలి. చలికాలం చెమట పట్టేదాకా వచ్చే పిచ్చి అంకెలకు కారణం ఆ పొడితనమే. పరుగయ్యాక గుండీలా ఉండే సెన్సర్‌ను ఊడదీసి పట్టీని మంచినీళ్లతో కడగండి. తడి పట్టీకే వదిలేస్తే బ్యాటరీ ఊరికే అయిపోతుంది.

ఇక జోన్లు. కొత్త వాచీ 220లోంచి వయసు తీసేసి గరిష్ఠ రేటు ఊహిస్తుంది. ఒకే వయసువాళ్లలో అసలు అంకె దానికి 10, 12 అటూ ఇటూ ఉండొచ్చు. కొలుచుకోవడం మేలు. ఇందిరాగాంధీ స్టేడియం, గుంటూరు బీఆర్ స్టేడియం లాంటి మైదానంలో 15 నిమిషాలు ఒళ్లు వేడెక్కించి, 3 నిమిషాలు గట్టిగా, 2 నిమిషాలు మెల్లగా, ఇలా మూడుసార్లు పరిగెత్తండి. ఆఖరి నిమిషంలో ఉన్న సత్తువంతా పెట్టేయాలి. అప్పుడు కనిపించే అత్యధిక రేటు మీ గరిష్ఠానికి దగ్గర. బీపీ, షుగర్ ఉన్నా, నలభై దాటి కొత్తగా మొదలెడుతున్నా డాక్టరు సరేనన్నాకే ఈ పరీక్ష.

విశ్రాంతి రేటు నిద్ర లేచాక, మంచం దిగకముందు చూడాలి; ఐదు రోజుల సగటు తీసుకోండి. రాత్రి కరెంటు పోయి ఉక్కలో దొర్లినా, పొద్దుపోయి బిర్యానీ లాగించినా అది పెరుగుతుంది, ఆ రోజులు లెక్కలోకి వద్దు.

45 ఏళ్ల వ్యక్తికి కొలిచిన గరిష్ఠం 186, విశ్రాంతి 60 అనుకుందాం. తేడా 126. అందులో 60 నుంచి 70 శాతానికి విశ్రాంతి రేటు కలిపితే తేలిక పరుగు 136–148 మధ్య. వాచీ ఊహించిన 175తో ఇదే లెక్క వేస్తే 129–140 వస్తుంది. పాపం ఆ మనిషి ఊరికే నడకలోకి దిగుతుంటాడు. మీ అంకెలను వాచీ సెట్టింగుల్లో చేత్తో ఎక్కించండి.

వారానికి నాలుగు పరుగులైతే మూడు ఈ హద్దులోనే ఉండాలి. మీ పై హద్దు (ఈ లెక్కలో 148) దాటితే వేగం తగ్గించండి, అయినా దిగకపోతే నిమిషం నడవండి. నాలుగోది గట్టిది. 400 మీటర్ల పరుగుల్లో మాత్రం గుండె రేటు చూడొద్దు. గుండె పూర్తిగా అందుకునేసరికి నిమిషం పైనే పడుతుంది, ఈలోగా పరుగు అయిపోవస్తుంది. అక్కడ వేగమే ఆధారం.

గంట పరుగులో రెండో సగానికి రేటు పైకి జారుతుంది. చెమటతో నెత్తుట్లో నీరు తగ్గుతుంది, ఉన్న నెత్తురులో కొంత చర్మం చల్లబరచడానికి మళ్లుతుంది. గుండె ఒక్కోసారి కొట్టుకున్నప్పుడు వెళ్లే నెత్తురు తగ్గేసరికి అది ఎక్కువసార్లు కొట్టుకోవాలి. గాలిలో తేమకు చెమట ఆరకపోవడంతో కృష్ణ ఒడ్డున ఇది మరీ ఎక్కువ. ఎంత జారిందో ఇలా చూడండి: మొదటి అరగంటలో సగటు 140తో 4.2 కిలోమీటర్లు వెళితే గుండె కొట్టుకున్న ఒక్కోసారికి ఒక మీటరు. తర్వాతి అరగంటలో 150తో 4.1 అయితే 91 సెంటీమీటర్లే, అంటే 9 శాతం పడింది. డిసెంబరులో 5 శాతం లోపు ఉంటే ఆ దూరానికి ఒళ్లు సిద్ధమైనట్టే, ఇంకో పది నిమిషాలు పెంచొచ్చు. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో వచ్చిన 9 శాతాన్ని చూసి దిగులు పడొద్దు. ఎండకు ఒళ్లు అలవాటు పడటానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది; ఆ రోజుల్లో దూరం పెంచకండి. పరుగుకు ముందూ తర్వాతా బరువు చూసుకుంటే, తగ్గిన ప్రతి కిలోకు సుమారు లీటరు చెమట పోయినట్టు. ఉప్పేసిన పలచటి మజ్జిగ కొద్దికొద్దిగా తాగండి. ఎండలో ఒళ్లు జలదరించినా, తల తిరిగినా, మాట తడబడినా రేటు ఎంతున్నా ఆగి నీడకు చేరాలి.

మెటోప్రొలాల్, అటెనొలాల్ లాంటి బీపీ మందులు వాడేవాళ్లకు గుండె రేటు అంతగా పైకి లేవదు, కాబట్టి పై లెక్కలేవీ పనికిరావు. వాళ్లు ఆయాసం లేకుండా రెండు మూడు పూర్తి వాక్యాలు మాట్లాడగలిగే వేగంలో పరిగెత్తాలి.