కార్తీకంలో తెరచాప పడవతో కృష్ణలోకి దిగేముందు

దసరా వెళ్లాక ఎండ తగ్గుతుంది, గాలి ఈశాన్యానికి తిరుగుతుంది. విజయవాడలో పడవ ఉన్నవాళ్ల మనసు భవానీ ద్వీపం వైపే లాగుతుంది. తాడు విప్పేముందు ఇవి చూసుకోండి.

• పైన పులిచింతల నుంచి నీళ్లు వదులుతున్నారా? ప్రకాశం బ్యారేజీ దగ్గర 3.97 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. మనం అంతదాకా ఆగక్కర్లేదు. గేట్లు ఎత్తారంటే ఆ రోజు పడవ ఒడ్డునే. 2024 సెప్టెంబర్ 1న వరదలో కొట్టుకొచ్చిన పడవలు బ్యారేజీని ఢీకొన్న సంగతి తెలిసిందేగా.

• బంగాళాఖాతంలో అల్పపీడనం ఉంటే వాయిదా వేయండి. మిచౌంగ్ తుపాను 2023లో డిసెంబర్ 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. ఇది ఆ సీజనే.

• అసలు టెన్షన్ లంగరుతోనే. చాలామంది విసిరేసి, నేల తగలగానే తాడు బిగించేస్తారు. అలా చేస్తే అది పట్టదు, జారుతుంది. 3 మీటర్ల లోతుకు కనీసం 15 మీటర్ల తాడు వదలాలి, గాలి పెరిగితే 21. లంగరు దగ్గర కొంత గొలుసు ఉంటే మేలు. ముక్కు ప్రవాహానికి ఎదురుగా పెట్టి మెల్లగా దించండి. పడవ వెనక్కి జరిగాక తాడు లాగి చూడండి. వెనక భాగానికి మాత్రం ఎప్పుడూ కట్టొద్దు, నీళ్లు లోపలికొస్తాయి. ఆగాక ఒడ్డున ఒక చెట్టు, దాని వెనక ఒక స్తంభం గుర్తు పెట్టుకోండి. ఆ వరుస చెదిరిందంటే లంగరు జారుతున్నట్టే.

• లైఫ్ జాకెట్ ఒంటిమీద, సీటు కింద కాదు.

• నవంబర్‌లో ఐదున్నరకే పొద్దు గుంకుతుంది. టార్చ్ మర్చిపోకండి.